రాయికి పడ్డ గుంట

జనవరి 4, బుధవారం

దారం షాపోళ్లు మామకు ఇచ్చిన డైరీ ఇది. మామ మగ్గం గుంతల దిగితే ఆయనకు తారీఖులతోటి పని ఉండది. అత్తకు చదువు రాదు. మా ఆయనకు ఇప్పటికే మూడు డైరీలున్నయి, మూడింటి మీదా పేరు కింద 'అధ్యక్షులు' అని రాసి ఉంటది. మిగిలింది నేనే. ఏడో తరగతి చదివినదానికి డైరీ ఎందుకని ఎవరూ అడగలే. ఎవరికీ చూపెట్టలే కాబట్టి.

ఆయన బడిల సైన్సు సారు. రామన్నపేట ఖగోళ సంఘానికి అధ్యక్షులు. సంఘంల నలుగురున్నరట. ఆయన, మా మరిది దినేశ్, బ్యానర్లు కొట్టే గోపయ్య. నాలుగో మనిషెవరని అడిగిన. నేనేనట. రెండేండ్ల నుంచి ఉన్ననట.

జనవరి 6, శుక్రవారం

ఇరవై ఒకటో తారీఖు సాయంత్రం ఏడు గంటల నలభై రెండు నిమిషాలకు ఒక రాయి ఒక చుక్క ముందలి నుంచి పోతదట. రాయంటే గ్రహశకలం. దానికి పేరు లేదు, నంబరే ఉన్నది. యాభై కిలోమీటర్ల వెడల్పు. అది అడ్డం వచ్చినప్పుడు చుక్క ఐదు సెకన్లు మలిగి మళ్ల వెలుగుతది. ఆ రాయి నీడ మన భూమ్మీద ఒక పట్టీ లెక్క పారుకుంట పోతదట. పట్టీల నిలబడ్డోళ్లకే చుక్క మలుగుడు కనబడ్తది. పక్క మండలమోళ్లకు ఏం తెల్వదు.

పట్టీ నడిమి గీత మర్రిగూడ మీదికి వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొఖం చూడాలె. గీత తనే గీసినట్టు.

"ముందుగాల ఎట్ల తెలుస్తది?" అన్న.

"గణితం. నీకు అర్థం కాదు."

తర్వాత బ్లాకుబోర్డు మీద రాసినట్టు గాలిల వేలితోటి రాసుకుంట అరగంట చెప్పిండు. చుక్క ఎక్కడున్నదో కొలిచి పెట్టుకున్నరు. రాయి ఎటు పోతున్నదో కొలిచి పెట్టుకున్నరు. రెండింటిల వెంట్రుకంత తేడా ఉన్నా నీడ ఒక మండలం అవతల పడ్తది.

గిది నాకు ఎందుకు అర్థం కాదు? నేను పదమూడేండ్ల నుంచి ఆసు పోస్తున్న. ఆసు చట్రం మీద దారం చుట్టి, గుర్తులు పెట్టి, గుర్తు గుర్తుకు రబ్బరు కట్టి రంగుల ముంచుతం. నెల తర్వాత మగ్గం మీద ఆ రంగు ఏ జాగల పడాలెనో ఇయ్యాలనే తెలిసి ఉండాలె. గుర్తు జర జరిగితే చిలక ముక్కు చిలక కంట్ల పడ్తది.

ఆయనకు చెప్పలే. ఆయన గణితం చెప్తున్నడు.

జనవరి 8, ఆదివారం

నల్గొండ నుంచి పర్వతాలు సారు స్కూటరు మీద వచ్చిండు. సర్వే డిపార్టుమెంట్ల పొలాలు కొలిచి రిటైరైన మనిషి. ఈ చుక్కల పనికి జిల్లా మీద ఆయనే పెద్ద. మనుషులను ఉత్తరం నుంచి దక్షిణం దాక ఊరికొకరిని నిలబెడ్తడు. ఎవరికి ఎన్ని సెకన్లు మలిగిందో అడిగి, గీతలు ఒకదాని కింద ఒకటి గీస్తడు. అన్ని గీతలు కలిస్తే ఆకాశంల ఉన్న రాయి ఆకారం కాయిదం మీద తేల్తది.

నేను చాయ్ గ్లాసులు పట్టుకొని అట్లనే నిలబడ్డ. మేం దారం చుట్టిన కండెలు వరుసగ పెట్టి, ఒక్కొక్క పోగు నేసుకుంట పోతే ఏనుగు లేచి వస్తది. గదే పని.

"పట్టీ అవతల గూడ ఒకరుండాలె," అన్నడు సారు. "మలగలేదు అని చెప్పేటోళ్లు. రామన్నపేట నీడకు పది కిలోమీటర్లు బయట. ఇక్కడ ఎవరుంటరు?"

ఏం కనబడని జాగల నిలబడుడు ఎవరికి కావాలె. మా ఆయన నా దిక్కు చూసిండు.

"మా ఇంటామె ఉంటది సార్. డాబా మీద నిలబడి 'లేదు' అని రాస్తది. ఆమెకు కష్టం గాదు."

కష్టం గాదు. పెండ్లయినప్పటి సంది అలవాటే.

సారు ఒక పాత దుర్బిణి ఇచ్చి పోయిండు.

జనవరి 10, మంగళవారం

నా ఫోన్ల ఆయన ఒక యాప్ ఎక్కించిండు. సెకను సెకనుకు టిక్కుమంటది, నిమిషానికొకపారి టైము చెప్తది, మన మాట గూడ దాంట్లనే రికార్డయితది. చుక్క మలిగితే 'పోయింది' అనాలె, వెలిగితే 'వచ్చింది' అనాలె.

డాబా మీద నిలబడి 'పోయింది' అని చూసిన. పక్కింటి బిక్షమ్మ తల పైకెత్తి "ఎవరు పోయిండ్రు?" అన్నది.

నాతోటి కాదు. గట్టిగ మాట్లాడుడు నాకు అలవాటు లేదు. స్టీలు గ్లాసు, చెంచా తెచ్చుకున్న. ఒక దెబ్బ పోయింది, రెండో దెబ్బ వచ్చింది. ఆయన నవ్విండు. "నీకు గ్లాసు గూడ అక్కర లేదు, అక్కడ ఏం జరగది," అన్నడు.

జనవరి 13, శుక్రవారం

చుక్క దొరికింది. దాని పక్కన రెండు చిన్నయి, కింద ఒకటి. ఇప్పుడు నా చెయ్యే అటు పోతది.

జనవరి 18, బుధవారం

శనివారం ఆయన మర్రిగూడల సభ పెడ్తున్నడు: బడి గ్రౌండు, స్టేజి, మైకు, సర్పంచు, బ్యానరు. బ్యానరు మీద ఆయన ఫొటో రాయి కన్న పెద్దగ ఉన్నది. టెలిస్కోపుకు మాత్రం ఇంకా మూడు కాళ్లు సరిగ కుదరలే. ఆయన స్టేజి మీద మాట్లాడేది అద్దం ముందర చదువుతున్నడు. మైకు అనుకుంటే చాలు, ఆయన తెలుగు మారుతది. "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా, విశ్వంలో అద్భుతాలు సంభవిస్తూ ఉంటాయి." ఇంట్ల మాత్రం "కారం తక్కువైంది" అంటడు.

అత్తకు ఫికరు పట్టుకున్నది. "అమాస, శనివారం, పైంగ చుక్కకు గ్రహణమా? ఆ చుక్కల పుట్టినోళ్ల గతి ఏం గావాలె?"

"గది నంబరు చుక్క, అమ్మా. అండ్ల ఎవరూ పుట్టలే," అన్నడు దినేశ్.

"పుట్టకుంట ఎట్లుంటరు?" అని అత్త ఉప్పు తీసి దిష్టి తీసింది. ఎవరికి తీసిందో చెప్పలే.

జనవరి 21, శనివారం

మలిగింది.

దేవుని తోడు మలిగింది.

జనవరి 22, ఆదివారం

నిన్న రెండు ముక్కలకే డైరీ మూసిన.

ఆరున్నరకే డాబా ఎక్కిన. అత్త కింది నుంచి "పిల్లా, చెవులకు గుడ్డ కట్టుకున్నవా, అమాస గాలి" అని మొత్తుకుంటనే ఉన్నది. కట్టుకున్న. ఫోను గోడ మీద పెట్టిన, టిక్కు టిక్కుమంటున్నది. దుర్బిణి చేతుల వణుకుతదని మామ ఆసు కట్టె ఆనుకొమ్మని ఇచ్చిండు. ఆయన మగ్గం ఆపి మరీ పైకి తెచ్చిచ్చి దిగిపోయిండు.

చుక్కను చూసుకుంట నిలబడ్డ. రెప్ప కొట్టొద్దని మా ఆయన చెప్పిండు కదా అని కొట్టలే. నీళ్లు కారుతున్నయి. 'లేదు' అని రాసి దిగుదామని మనసుల అనుకుంటనే ఉన్న. అంతల చుక్క లేదు.

మసక కాలే, సన్నగ కాలే. ఉన్నది, లేదు. ఎవరో వేలు పెట్టినట్టు. నా చెయ్యి గ్లాసు మీద పడ్డది. మళ్ల ఉన్నది. ఇంకో దెబ్బ. రెండు సెకన్లు గూడ కాలే. ఒక్కటి పాయింటు తొమ్మిదని పొద్దుగాల ఫోన్ల లెక్కవెట్టిన.

దినేశ్ పొద్దుగాల వచ్చి చెప్పిండు, నవ్వలేక నవ్వలేక. "వదినా, ఏడు నలభై దాక అన్న ఉపన్యాసమే. నలభై ఒకటికి సర్పంచు శాలువ కప్పుతనని లేచిండు. ఫొటో కోసమని ఎవడో ఫ్లడ్‌లైటు ఏసిండు. కండ్లు బైర్లు కమ్మినయి. లైటు మలిపేసరికి నలభై నాలుగు. జనం 'ఏది, ఏది' అన్నరు. అన్న 'చూశారా మిత్రులారా' అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు."

పర్వతాలు సారు శనివారం పొద్దుగాలనే గ్రూపుల పెట్టిండట, లెక్క మళ్ల చూస్తే నీడ పదమూడు కిలోమీటర్లు ఉత్తరానికి జరిగింది, రామన్నపేట అంచు మీదికి రావచ్చని. మా ఆయన చూడలే. ఆ టైముల శాలువ రంగు చూస్తున్నడు.

ఆయన మధ్యాహ్నం లేచిండు. నాకు కనబడ్డదని చెప్పిన. ఫోను అడిగి తీసుకున్నడు, చెవుకు పెట్టుకొని నాలుగు సార్లు విన్నడు. టంగ్, టంగ్.

"మంచిగుంది," అన్నడు. పెండ్లయినంక ఆయన నన్ను మెచ్చుకున్నది రెండోపారి.

జనవరి 24, మంగళవారం

గ్రూపుల అందరి టైములు వచ్చినయి. దినేశ్ ఫోన్ల చూపెట్టిండు.

మర్రిగూడ, శ్రవణ్‌కుమార్, అధ్యక్షులు: 1.9 సెకన్లు. రికార్డింగు జతచేయబడినది.

రామన్నపేట: లేదు.

తొందరల పేర్లు అటిటు అయినయి కావచ్చు. ఆయన అబద్ధమాడే మనిషి గాదు.

రికార్డింగు పెట్టి విన్న. అత్త గొంతు లేదు. ముందర కోసేసిండు. ఉత్త టిక్కు టిక్కు, రెండు దెబ్బలు. నేను నోరు తెరిచి 'పోయింది' అని ఉంటే ఆయనకు కష్టమయ్యేది.

ఆదివారం పర్వతాలు సారు అందరి లెక్కలు పైకి పంపుతడట. ఒకపారి పోయినంక మారయట. నూరేండ్ల తర్వాత ఆ రాయి గురించి చూసెటోళ్లు గూడ ఆ లెక్కలే చూస్తరట. అండ్ల రామన్నపేట ముందర లేదు అని ఉంటది. నేను చూసింది లేదు.

జనవరి 25, బుధవారం

అడిగిన. అన్నం పెట్టుకుంట అడిగిన, ఆయనకు నోరు నిండా ఉన్నప్పుడు.

"నీ పేరైతే ఏంది, నా పేరైతే ఏంది? మనిద్దరం వేరా?" అన్నడు.

వేరు గాదు. నిజమే. బ్యానరు మీద మాత్రం జాగ సరిపోలే.

జనవరి 26, గురువారం

బడిల జెండా ఎగిరేసినంక ఆయనకు సన్మానమైంది. ఎందుకంటే పేపర్ల వచ్చింది. జిల్లా పేజీల, కింద, ఎరువుల ప్రకటన పక్కన: 'గ్రహశకలానికి గుంట. రామన్నపేట టీచర్ ఆవిష్కరణ.'

గుంట ఎట్ల వచ్చిందంటే, మర్రిగూడ నడిమిట్ల ఉన్నది. అక్కడ నాలుగు సెకన్లన్న ఉండాలె. ఆయన పంపింది రెండు గూడ లేదు. అంటే అక్కడ రాయి లోపటికి పోయినట్టు. ఎవరో అడిగితే ఆయన గుంట అన్నడు. అన్నంక గుంట ఉన్నది.

బడి కరస్పాండెంటు మైకుల చెప్పిండు, వచ్చే ఏడు అడ్మిషన్ల పాంప్లేటు మీద 'గుంట కనుగొన్న ఉపాధ్యాయులు మా పాఠశాలలోనే' అని కొట్టిస్తమని. జూన్ నుంచి ఆయననే ఇంఛార్జి హెడ్మాస్టరును చేస్తమని.

అత్త ఏడ్చింది సంతోషంతోటి. వాడకట్టు ఆడోళ్లు "మీ ఆయన ఏం కనుక్కున్నడే" అని అడుగుతున్నరు. గుంట అని చెప్తున్న. "రోడ్డు మీదియి కనబడ్తలేవా?" అన్నది బిక్షమ్మ.

జనవరి 28, శనివారం

నేను ఊరుకుంటే హెడ్మాస్టరు అయితడు. నేను మాట్లాడితే నాకేం వస్తది? ఏం రాదు. గీ మాట పది మాట్లు అనుకున్న.

రాయి మీద లేని గుంట పెట్టుడు తప్పు గాదా? అది ఎవరి జోలికి రాలే, దాని తొవ్వల అది పోయింది.

జనవరి 29, ఆదివారం

పర్వతాలు సారు గ్రాఫు కాయిదం చుట్టుకొని వచ్చిండు. మంచం మీద పరిచిండు. పై నుంచి కిందికి ఏడూర్లు. రామన్నపేట ఖాళీ. చిట్యాల మూడున్నర, నార్కట్‌పల్లి నాలుగుంబావు, నల్గొండ ఐదు. మర్రిగూడ దగ్గర గీత ఎలుక కొరికినట్టు చిన్నగైంది. దాని కింద నాంపల్లి మళ్ల మూడు దాటింది. దేవరకొండ ఖాళీ.

"శ్రవణ్, గీ గుంట నన్ను పండుకోనిస్తలేదు," అన్నడు సారు. "ముప్పై ఏండ్లు పొలాలు కొలిచిన. తిన్నగ పోయే గట్టు ఉన్నట్టుండి లోపటికి వంగిందంటే ప్రకృతి గాదు. ఎవడో దున్నుకున్నట్టు."

ఆయన నవ్విండు. "విశ్వంలో వింతలుంటాయి సార్." మైకు తెలుగు వచ్చింది. భయమైతే గూడ వస్తదని అప్పుడే తెలిసింది.

నేను చాయ్ ఇచ్చి లోపటికి పోవాలె. కాళ్లు పోలే. కాయిదం మీద ఆ చిన్న గీత నా దిక్కే చూస్తున్నది. తప్పు పోగు కండ్ల ముందర పెట్టుకొని పక్కకు తిరుగుడు నాకు చేతగాదు. అట్ల తిరిగిన పొద్దు మా అమ్మ నా చెయ్యి మీద కొట్టేది.

"సారూ," అన్న. గొంతు నాదేనా అనిపించింది. "కండె తారుమారైంది."

"ఏంది బిడ్డా?"

"గీ పోగు గీడిది గాదు. పైది." వేలు పెట్టి మర్రిగూడ కాడి నుంచి రామన్నపేట దాక జరిపి చూపెట్టిన.

"నీకేం తెలుసే, లోపటికి నడు," అన్నది అత్త.

మగ్గం చప్పుడు ఆగింది. మామ గుంతల నుంచి లేచి, చేతులు తుడుచుకుంట వచ్చి, కాయిదం మీదికి వంగిండు. ఆయనకు రాయి తెల్వదు, సన్మానం తెల్వదు. డిజైను చూసిండు.

"పిల్ల చెప్పింది నిజమే. పై కండె కింద పడ్డది. అక్కడ పెడితే కోడిగుడ్డు లెక్క గుండ్రంగ వస్తది," అన్నడు. "ఎవడు నేసిండు గీ బట్ట? వానికి కూలి కోయాలె."

మా ఆయన మెడ కాడ ఎర్రగైంది. దినేశ్ దూలాలు లెక్కవెట్టిండు.

సారు నన్నడిగిండు. "నీ కాడ ఏమన్న ఉన్నదా, బిడ్డా?"

ఫోను తెచ్చిన. కోయని రికార్డింగు పెట్టిన. టిక్కు టిక్కు. అందులకెల్లి గట్టిగ, "పిల్లా, చెవులకు గుడ్డ కట్టుకున్నవా, అమాస గాలి."

అత్త మంచం మీద నుంచి సగం లేచింది. "అగో, నా గొంతే గది. ఫోన్ల వచ్చిన. ఇంకోపారి పెట్టు."

ఇంకోపారి పెట్టిన. టంగ్, టంగ్. అత్త తన మాట విని మురుసుకుంటనే ఉన్నది. కొడుకు దిక్కు చూసినంక ఆగింది.

"తొందరల ఫైళ్లు కలిసిపోయినయి సార్," అన్నడు ఆయన.

"కలుస్తయి," అన్నడు సారు. రబ్బరు తీసి మర్రిగూడ గీత తుడిచిండు. నిమ్మలంగ, కాయిదం నలగకుంట. పైన గీసిండు. "మరి మర్రిగూడల నువ్వేం చూసినవ్? ఏదో ఒకటి రాయాలె గద."

ఆయన వాకిలి దిక్కు చూసిండు.

"మబ్బు," అన్నడు ఆయన.

"పక్కన నాంపల్లోళ్లకు తేటగుండె. మబ్బంటే తంతరు." సారు కళ్లజోడు సవరించుకొని 'చూడలేదు' అని రాసిండు. "చూడలేదు అన్నది తప్పు గాదు శ్రవణ్. చూడలేదు అన్నోని మాట రేపు చూసిన అంటే నమ్మొచ్చు."

పైన గీత పక్కన నా పేరు రాయడానికి ఇంటిపేరుతోటి అడిగిండు. ఏ ఇంటిపేరు చెప్పాలెనో ఒక్క నిమిషం తోచలే. ఉత్త సింధూజ అని రాయుమన్న.

జనవరి 30, సోమవారం

అత్తకు కోపమొచ్చింది. మొగని పరువు తీసిన్నట. గ్లాసుతోటి కొట్టినవ్ గద, నోటితోటి కూడా కొట్టాల్నా అన్నది. మళ్ల మధ్యాహ్నం దినేశ్‌ను పిలిచి నా ఫోను అడిగి తన గొంతు విన్నది.

జనవరి 31, మంగళవారం

ఆయన గోడ దిక్కు తిరిగి పండుకుంటున్నడు. గోడకు గూడ ఏం చెప్తలేడు.

ఫిబ్రవరి 1, బుధవారం

ఉప్పు ఎక్కువైంది. అనలే.

ఫిబ్రవరి 3, శుక్రవారం

బడి నుంచి పాంప్లేటు నమూనా వచ్చింది. గుంట ఉన్నది దాంట్ల, పెద్ద అక్షరాలతోటి. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి పొద్దంత దాని చుట్టూ తిరిగిండు. సాయంత్రం వంటింటి గడప కాడ నిలబడ్డడు. ఐదు రోజులకు మొదటి మాట.

"పేపరోనికి ఏం చెప్పాలె?"

నన్నే అడిగిండు. వెనక ఎవరన్న ఉన్నరేమోనని చూసిన.

"చూడలేదని చెప్పుండ్రి."

"గది వేస్తరా?"

"వెయ్యరు."

"మరి ఎందుకు చెప్పుడు?"

పిండి కలుపుకుంటున్న. "పాంప్లేటు నూరిండ్లకు పోతది. అడిగినోళ్లందరికి గుంట గురించి నేను చెప్పలేను," అన్న.

ఆయన ఫోను తీసిండు. మైకు తెలుగుతోటి మొదలుపెట్టిండు, రెండు మాటలకే అది విరిగిపోయింది. "అన్నా, నేను శ్రవణ్‌ను, రామన్నపేట. గా గుంట లేదే. లేదన్నా, నిజంగనే లేదు. నేను చూడలే. ఫ్లడ్‌లైటు ఏసిండ్రు. చూసింది మా ఇంటామె. రామన్నపేటల, మా డాబా మీద."

స్పీకరు పెట్టిండు. కావాలని పెట్టిండో, చెయ్యి తగిలిందో.

"మేడమ్ ఏం చదివిన్రు సార్?" అన్నడు పేపరాయన.

ఆయన నా దిక్కు చూసిండు. నేను పిండి దిక్కు చూసిన.

"ఏడు," అన్నడు.

అటు పక్క కీబోర్డు చప్పుడు ఆగింది. "అయితే అది వార్త గాదు సార్. గుంట లేదని మీరే పరిశోధించి తేల్చిన్రని రాస్తం. మీ ఫొటో మా దగ్గర ఉన్నది."

"అట్ల రాయకు," అన్నడు ఆయన.

"మీరు మరీ సిగ్గుపడుతున్రు సార్," అని వాడు పెట్టేసిండు.

నాకు నవ్వు ఆగలే. పిండి చేతులతోటే మొఖం దాచుకున్న. ఆయనకు నవ్వు రాలే. పాంప్లేటు నమూనా మీద గుంట అన్న మాటకు పెన్నుతోటి అడ్డగీత కొట్టిండు. ఆ జాగల ఏం రాయాలెనో తెల్వక పెన్ను పట్టుకొని అట్లనే కూసున్నడు. రొట్టెలైనయని రెండుసార్లు పిలిచిన. రాలే. మూడోసారి పిలవలే, రొట్టె పళ్లెంల పెట్టి బల్ల మీద, ఆ కాయిదం పక్కన పెట్టి వచ్చిన.